అడిగి కూర్చునే మనిషి: ఒక ఆసుపత్రి చాప్లిన్ సేవ గురించి

గత ఆషాఢంలో మా అమ్మ సికింద్రాబాద్ వైపున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో 17 రోజులు ఉంది. డిశ్చార్జి రోజున చేతికిచ్చిన బిల్లు తొమ్మిది పేజీలు వచ్చింది. దూదికీ, చేతి తొడుగులకూ, సిరంజిలకూ విడివిడిగా లెక్క కట్టిన ఆ తొమ్మిది పేజీలలో, ఆ రోజుల్లో మా అమ్మను నిలబెట్టిందని నేను నమ్మే ఒక సేవకు మాత్రం ఒక్క పంక్తి కూడా లేదు. దానిని అక్కడ చాప్లిన్ విభాగం అంటారు. మందులతో, కోతలతో తీరని బాధ రోగికి ఏముందో కనుక్కోవడం, అది దేవుడికి సంబంధించినదైతే అందుకు తగిన మనిషినో ఏర్పాటునో సమకూర్చడం, కానప్పుడు ఊరికే పక్కన కూర్చోవడం ఆ విభాగం పని. ఈ సమీక్ష ఆ సేవ గురించి మాత్రమే. ఇందులో మెచ్చుకోలుతోపాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పైగా ఆ విభాగంలో ఉన్నది ముగ్గురే, అందుచేత ఆసుపత్రి పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు.

చేరిన రాత్రి నర్సు వచ్చి, కావాలంటే రేపు చాప్లిన్ వచ్చి కలుస్తారని చెప్పినప్పుడు, రైల్వేలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు అంత కంగారులోనూ "ఆయన పోయి చాలా ఏళ్లయింది కదమ్మా" అన్నారు. ఆయనకు తెలిసిన చాప్లిన్ టోపీ, చేతికర్ర, కురచ మీసం ఉన్నవాడొక్కడే. మాటను బట్టి చూస్తే ఈ చాప్లిన్ చాలా పాతవాడు. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమను సైనికుడు చలికి వణుకుతున్న బిచ్చగాడిని చూసి, తాను కప్పుకున్న బట్టను కత్తితో రెండుగా కోసి సగం అతనికిచ్చాడని క్రైస్తవులు చెప్పుకుంటారు. ఆ బట్టను పవిత్రంగా భద్రపరచిన అర్చకులకు లాటిన్‌లో ఏర్పడిన పేరే మెల్లగా ఈ మాటగా మారింది. సైన్యానికీ, జైలుకూ, ఓడకూ, ఆసుపత్రికీ అనుబంధంగా ఉండే మతగురువును ఆ పేరుతో పిలవడం అలా వచ్చింది. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పటి నుంచీ చాప్లిన్లు ఆసుపత్రి సిబ్బందిలో భాగంగానే ఉన్నారు. మన నగరంలో మాత్రం మిషనరీ మూలాలున్న కొద్ది ఆసుపత్రులను దాటి బయటికి వస్తే, ఈ మాట చెప్పినప్పుడు చాలామంది మా నాన్నగారిలాగే ముఖం పెడతారు.

మా అమ్మకు పెద్దపేగు చివరి భాగంలో గడ్డ పెరిగి దారి మూసుకుపోయింది. పొట్ట ఉబ్బి, వాంతులతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాము. మరునాడే ఆపరేషన్ చేసి, మలం బయటికి పోవడానికి పొట్ట మీద దారి ఏర్పాటు చేసి దానికి సంచి తగిలించారు. గడ్డకు రేడియేషన్, కీమో తర్వాత అన్నారు. ఆ రాత్రి చేర్పించేటప్పుడు సంతకాలు పెట్టిన కాగితాలలో ఒకదానిలో ఆధ్యాత్మిక సహాయం కావాలా, వద్దా అని ఒక గడి ఉంది. కాగితమంతా ఇంగ్లీషే. మా తమ్ముడు వద్దు అన్న గడిలో గీత గీశాడు. ఎందుకని అడిగితే, "మనం కష్టంలో ఉన్నప్పుడు వచ్చి మతం మార్చుకోమంటారు, నాకు తెలుసు" అన్నాడు. ఇటువంటి భయం మా తమ్ముడి ఒక్కడిదే కాదని, ఇది చదివేవారిలో సగంమంది మనసులో మొదట వచ్చే ప్రశ్న ఇదేనని నాకు తెలుసు కనుక దాని సంగతి వివరంగా చెబుతాను. పూర్తిగా నిరాధారమైన భయమని కూడా అనను.

నాలుగో రోజున మత్తు పూర్తిగా వదిలిన అమ్మ మెడ తడుముకుని ఏడుపు మొదలుపెట్టింది. "పుస్తెలతాడు తీసిర్రు బిడ్డా, ఆయన ఉండంగనే" అన్న ఒక్క మాటే పదేపదే అంటూ పోయింది. తీయడానికి తగిన కారణం ఉంది. ఆపరేషన్‌లో రక్తనాళాలను మూయడానికి విద్యుత్తుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ. కూడా తీయవలసి ఉంది, ఆ గదిలోకి లోహం పనికిరాదు. ఇవన్నీ నర్సులు ఓపికగానే చెప్పారు. అమ్మ అడుగుతున్నది కారణం కాదు. పెళ్లయిన 51 ఏళ్లలో ఎన్నడూ దిగని తాడు, తనను అడగకుండా, తనకు తెలియకుండా దిగింది. పక్కన కుర్చీలో నాన్నగారు నిక్షేపంగా కూర్చుని ఉన్నారన్నది ఆమెకు ఓదార్పు కాలేదు సరికదా, ఆయన ముఖం చూసినప్పుడల్లా ఏడుపు ఎక్కువైంది. అప్పుడు వార్డు నర్సు ఫారం మీద తమ్ముడు గీసిన గీతను చూసి కూడా, అమ్మనే నేరుగా అడిగింది: "మా దగ్గర ఒక సిస్టరమ్మ ఉన్నారు, మాట్లాడతారా?" అమ్మ తల ఊపింది.

ఆసుపత్రిలో సిస్టర్ అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు గనుక, చాప్లిన్‌గా పనిచేసే ఆ కన్యాస్త్రీని అక్కడందరూ సిస్టరమ్మ అంటారు. నల్లగొండ వైపు మనిషి, అరవై దాటి ఉంటాయి. వచ్చి, కర్టెన్ బయటే ఆగి, లోపలికి రావచ్చా అని అడిగింది. కూర్చోవచ్చా అని అడిగింది. కుర్చీని మంచానికి దగ్గరగా జరిపి, అమ్మ కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చున్న తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇబ్బందిగా అనిపించి, నేనే ఏదో చెప్పబోతే కళ్లతోనే వారించింది. అమ్మ పుస్తెలతాడు సంగతి చెప్పింది. సిస్టరమ్మ "దేవుడు చూసుకుంటాడు" అనలేదు, "అది తాడే కదమ్మా" అని కూడా అనలేదు. "మీ ఊళ్లో, తాడు తెగినప్పుడో పెరిగినప్పుడో, కొత్తది కట్టేదాకా ఏం చేస్తారు?" అని అడిగింది. అమ్మ ఏడుపు ఆపి, ఇంత తెలియదా అన్నట్టు చూసి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుంటామని చెప్పింది. నూలు తాడులోనూ పసుపు కొమ్ములోనూ లోహం లేదు గనుక అభ్యంతరం ఉండదని స్కానింగు విభాగాన్ని ఫోనులో అడిగి తెలుసుకుని, ఆ సాయంత్రమే తాడు తెప్పించి, నాన్నగారి చేతనే కట్టించింది. వెళ్లేముందు కేసు ఫైలులో ఆ సంగతి రాసి వెళ్లింది. ఆరో రోజు ఎం.ఆర్.ఐ.కి తీసుకువెళ్లడానికి వచ్చిన అబ్బాయి ఆ తాడును చూసి, ఫైలు తిప్పి, ఏమీ అనకుండా బండి తోశాడు.

అమ్మకు ముందే తెలిసిన జవాబును అమ్మ నోటనే రప్పించడం ఏదో సహజంగా అబ్బిన చతురత అని మొదట అనుకున్నాను. తర్వాత మాటల సందర్భంలో తెలిసింది, అది నేర్చుకున్న విద్య. అమెరికాలో యాంటన్ బోయిసన్ అనే మతాచార్యుడు స్వయంగా మానసిక వైద్యశాలలో రోగిగా ఉండి బయటపడ్డాక, 1925లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులను రోగుల మధ్యకు తెచ్చి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. పుస్తకాలు చదివినట్టే మనిషిని కూడా చదవాలన్నది ఆయన పట్టుదల. ఆ పద్ధతిలో శిక్షణ పొందేవారు రోగితో జరిపిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాటగా కాగితం మీద పెట్టి, గురువు ముందూ తోటివారి ముందూ చదవాలి. రోగి ఏదో చెప్పబోతుంటే ఎక్కడ అడ్డుపడ్డారో, తమ భయాన్ని దాచుకోవడానికి ఎక్కడ ప్రార్థనలోకి దూకారో అక్కడ బయటపడుతుంది. మన దేశంలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో (సి.ఎం.సి.) ఇటువంటి శిక్షణ ఉంది. సిస్టరమ్మ ఆ పద్ధతిలోనే నేర్చుకుంది. "నేను రాసుకున్న మొదటి సంభాషణలో రోగి మాట్లాడింది నాలుగు పంక్తులు, నేను మాట్లాడింది రెండు పేజీలు" అని చెప్పి నవ్వింది.

రెండోసారి వచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. మీకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నమ్మకం మీ రోజువారీ జీవితంలో ఎంత ముఖ్యం? మీవాళ్లని మీరు అనుకునేవాళ్లు ఎవరు? ఈ విషయంలో మేమేం చేయాలి? ఇవి ఊరికే వచ్చిన ప్రశ్నలు కావు. క్రిస్టీనా పుచాల్స్కీ అనే అమెరికన్ వైద్యురాలు డాక్టర్లు కూడా వాడుకునేందుకు వీలుగా కూర్చిన నాలుగు అంశాలు, విశ్వాసం, దాని ప్రాముఖ్యం, సమూహం, చికిత్సలో దానికివ్వవలసిన చోటు అన్నవి, వీటి వెనుక ఉన్నాయి. అయితే ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని గడులు నింపే మనిషి అడిగితే ఇవే ప్రశ్నలు రేషన్ కార్డు దరఖాస్తులా వినిపిస్తాయన్న సంగతి, తర్వాత వచ్చిన ఒక ట్రైనీ అడిగినప్పుడు నాకు అర్థమైంది.

అసలు కష్టం తొమ్మిదో రోజున బయటపడింది. ఆ ఆదివారం ఉజ్జయినీ మహంకాళి బోనాలు. సాయంత్రం వార్డు కిటికీలోంచి దూరంగా డప్పులు వినబడుతున్నాయి. ఏటా మా ఇంటి నుంచి మౌలాలిలో ఎల్లమ్మ గుడికి బోనం వెళ్తుంది, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఒక్క ఏడూ తప్పకుండా అమ్మే ఎత్తింది. డప్పుల చప్పుడుకు అమ్మ సంతోషిస్తుందనుకుని నేను కిటికీ తెరిచాను. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. అప్పటికి మూడు రోజుల నుంచి సంచి మార్చడం నేర్పడానికి వచ్చే నర్సుకు ఆమె సహకరించడం లేదు. చూడదు, ముట్టుకోదు. సర్జన్ గారు ఇది అసహ్యించుకోవలసింది కాదని, ఎంతోమంది దీనితో ఉద్యోగాలు చేసుకుంటున్నారని చెప్పారు. మానసిక నిపుణురాలు వచ్చి ఒక మాత్ర రాశారు. ఇద్దరూ మంచివారే, ఇద్దరూ తమ తమ ప్రశ్నలకు జవాబులు చెప్పి వెళ్లారు.

సిస్టరమ్మ ఆ మరునాడు వచ్చి, గోడవైపు తిరిగి ఉన్న అమ్మ వీపు పక్కన అరగంట కూర్చుంది. చివరికి అమ్మ అటు తిరిగే అడిగింది: "గీ సంచి పెట్టుకొని దేవుని దగ్గరికి ఎట్ల పోవాలె?" మూడు రోజులుగా మేమెవ్వరమూ ఊహించని ప్రశ్న అది. మడీ మైలా తెలిసిన ఇంట్లో పుట్టిన నాకు తట్టకపోవడం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పేగు బయటికి వచ్చింది, మలం ఎప్పుడు వస్తుందో తన చేతిలో లేదు, స్నానం చేసినా ఆ సంచి ఒంటి మీదే ఉంటుంది. అటువంటి ఒంటితో దీపం ముట్టించవచ్చునా, కొత్త కుండకు పసుపు రాయవచ్చునా, పాలూ బెల్లమూ పోసి అమ్మవారికి బువ్వ వండవచ్చునా అన్నది ఆమె బాధ. నర్సుతో సంచి మార్చడం నేర్చుకుంటే అది తన ఒంట్లో భాగమని ఒప్పుకున్నట్టవుతుంది, ఒప్పుకుంటే ఇక దేవుడి గది గడప దాటరాదు. అందుకే చూడనంటున్నది.

సిస్టరమ్మ కాథలిక్కు. ఈ ప్రశ్నకు తన మతం నుంచి జవాబు ఇవ్వడానికి వీలులేదు, హిందూ మతం గురించి చదివిన నాలుగు ముక్కలు చెప్పి పెద్దరికం వహించడం అంతకన్నా తప్పు. ఆమె అన్నది ఇంతే: "దీనికి ఎవరు జవాబు చెబితే మీకు నిమ్మళమైతదమ్మా?" గుడి పూజారి పేరో, టీవీలో ప్రవచనాలు చెప్పేవారి పేరో వస్తుందని నేననుకున్నాను. అమ్మ కొంచెంసేపు ఆలోచించి "మా అక్క" అన్నది. భువనగిరి దగ్గర ఊళ్లో ఉండే మా పెద్దమ్మకు 77 ఏళ్లు, పుట్టింటివైపు బోనం పద్ధతులన్నీ ఆమె చెప్పినట్టే జరుగుతాయి. నా ఫోనులో కలిపి, స్పీకర్ పెట్టి, సిస్టరమ్మ కుర్చీని వెనక్కి జరుపుకుంది. అమ్మ సంగతంతా చెప్పుకుంది. అవతలి నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత పెద్దమ్మ గొంతు వినిపించింది: "అమ్మోరు కడుపుల పెట్టిన పేగే గద చెల్లే, లోపలుంటే మడి, బయటికొస్తే మైలా? సంచి మార్చుకో, తానం చెయ్యి, దీపం పెట్టు. ఈయేడు బోనం కోడలు ఎత్తుతది, కుండకు పసుపు మాత్రం నువ్వే రాయాలె." అమ్మ ఏమీ అనలేదు. మరునాడు పొద్దున నర్సు వచ్చినప్పుడు లేచి కూర్చుని, "ముందుగాల గీ క్లిప్పు ఎట్ల తియ్యాలె?" అని అడిగింది.

లండన్‌లో 1967లో, జబ్బు నయంకాని దశలో ఉన్నవారిని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ నర్సుగా మొదలై, ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తర్వాత వైద్యం చదివింది. శరీరపు నొప్పి, మనసు నొప్పి, కుటుంబానికీ డబ్బుకూ సంబంధించిన నొప్పి, ఆధ్యాత్మికమైన నొప్పి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయని, వాటన్నిటినీ కలిపి సంపూర్ణ బాధగా చూడాలని ఆమె చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపశమన చికిత్సకు ఇచ్చే నిర్వచనంలో ఆధ్యాత్మిక సమస్యలను గుర్తించి చూసుకోవడం కూడా చేరింది. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ చికిత్సను ఆరోగ్య వ్యవస్థలలో భాగం చేయాలని తీర్మానించింది. ఈ మాటలను ఇదివరకు చదివి ఉంటే మర్యాద కోసం రాసుకున్న వాక్యాలుగా తీసిపారేసి ఉండేదాన్ని. పొట్ట మీది సంచికీ దేవుడి గది గడపకూ మధ్య మా అమ్మ మూడు రోజులు ఇరుక్కుపోయి ఉండగా, ఆమె నొప్పి మాత్రలు కూడా ఎక్కువగానే అడిగిందని, ఫోను మాట్లాడిన తర్వాత తక్కువ అడిగిందని ఛార్టులో చూశాను. దీన్నుంచి నేను వైద్య సిద్ధాంతమేదీ తీయడం లేదు, కుట్లు మానుతున్న రోజులు కూడా అవే కదా.

జబ్బు పేరు విషయంలో మాత్రం ఆ సేవతో మాకు పేచీ వచ్చింది. అమ్మకు గడ్డ అని మాత్రమే చెప్పాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకున్నాము. సిస్టరమ్మను కూడా అదే చెప్పమని తమ్ముడు కోరాడు. ఆమె ఒప్పుకోలేదు. "మీరు చెప్పని మాట నేను చెప్పను బాబూ. కానీ ఆమె నన్ను సూటిగా అడిగితే అబద్ధం కూడా చెప్పను, మిమ్మల్నే అడగమంటాను" అన్నది. తమ్ముడికి ఒళ్లు మండింది. బయటి మనిషికి మా ఇంటి సంగతిలో షరతులేమిటన్నాడు. మూడు రోజుల తర్వాత ఆమె కారిడార్‌లో నన్ను ఆపి, మీ అమ్మగారు మీతో ఒంటరిగా మాట్లాడాలనుకుంటున్నారని మాత్రం చెప్పింది, విషయం చెప్పలేదు. లోపలికి వెళితే అమ్మ నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. స్ట్రెచర్ మీద స్కానింగుకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ లిఫ్టు పక్కన పేద క్యాన్సర్ రోగుల సహాయ నిధి అని తెలుగులో రాసి ఉన్న హుండీ కనబడిందట, కూడబలుక్కుని చదివిందట. మేము భయపడతామని అడగలేదట. సర్జన్ గారితో కూర్చుని చికిత్స గురించి అమ్మే ప్రశ్నలు అడిగింది ఆ తర్వాతనే. సిస్టరమ్మ చేసింది సరైనదేనని నా అభిప్రాయం. మా తమ్ముడి అభిప్రాయం ఇప్పటికీ వేరు, ఇది చదివితే అతను వేరే సమీక్ష రాస్తానంటాడు.

మా గదిలో రెండో మంచం మీద పాతబస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. చేతికి సెలైన్ సూది, ఒంటికి గొట్టాలు, నీళ్లతో వజూ చేసుకునే వీలు లేక నమాజు మానేసి దిగులుగా ఉండేవారు. సిస్టరమ్మ అక్కడ కూడా బోధకురాలి వేషం వేయలేదు. దగ్గరలోని మసీదు నుంచి ఒక మౌల్వీ గారిని పిలిపించింది. నీళ్లు వాడలేని రోగి శుభ్రమైన మట్టిని చేతులతో తాకి చేసుకునే తయమ్ముమ్ చాలునని, లేవలేకపోతే పడుకుని సైగలతోనే నమాజు చేయవచ్చునని ఆయన చెప్పి, ఒక చిన్న మట్టి పలక ఇచ్చి వెళ్లారు. మంచం తలను పడమటివైపు చూసేట్టు తిప్పడానికి ఆక్సిజన్ గొట్టం చాలకపోతే వార్డుబాయ్‌ని పిలిచి పొడవైనది వేయించడం మాత్రం సిస్టరమ్మ చేసిన పని.

ఇక లోపాల సంగతి. పదమూడో రోజున శిక్షణలో ఉన్న ఒక యువకుడు వచ్చాడు. అడగకుండా లోపలికి వచ్చి, నిద్రమత్తులో ఉన్న నాన్నగారి తల మీద చేయి పెట్టి బిగ్గరగా ప్రార్థన చేసి, టేబుల్ మీద ఒక కరపత్రం పెట్టి వెళ్లాడు. తమ్ముడు మొదటి రోజు భయపడింది సరిగ్గా దీనికే. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మరునాడు సిస్టరమ్మా, విభాగాధిపతిగా ఉన్న పాస్టర్ గారూ ఇద్దరూ వచ్చి క్షమాపణ అడిగారు, ఆ యువకుడిని ఆ వార్డుకు పంపడం ఆపారు. రోగి అడగనిదే ప్రార్థన చేయరాదని, కరపత్రాలు ఇవ్వరాదని తమ నియమావళిలోనే ఉందని చూపించారు. ఆ నియమావళి గోడ మీద తెలుగులో, ఉర్దూలో ఎందుకు లేదని అడిగితే జవాబు లేదు. మన దేశంలో నర్సుకూ ఫార్మసిస్టుకూ ఉన్నట్టు చాప్లిన్‌కు రిజిస్ట్రేషన్ మండలి ఏదీ లేదు. అందుచేత ఈ సేవ నాణ్యత పూర్తిగా ఆ ఆసుపత్రి చిత్తశుద్ధి మీద, వచ్చిన మనిషి మీద ఆధారపడి ఉంటుంది. సిస్టరమ్మ చేతిలో పడితే ఒక అనుభవం, ఆ యువకుడి చేతిలో పడితే మరొక అనుభవం.

రాత్రి ఎనిమిది దాటితే విభాగంలో ఎవరూ ఉండరు. పదకొండో రోజు తెల్లవారుజామున రెండు గంటలకు ఎదురు గదిలో ఒకాయన పోయారు. నోట్లో తులసి తీర్థం పోయాలని ఆయన భార్య వేడుకుంటుంటే, సీసాలో నీళ్లున్నాయి గానీ తులసి లేదు. కొడుకు కిందికి పరుగెత్తితే గేటు దగ్గర సెక్యూరిటీవారు పాస్ అడిగి ఆపేశారు. నాలుగు తులసి ఆకులు, కొంచెం గంగాజలం, మక్కా నుంచి తెచ్చే జమ్‌జమ్ నీళ్ల సీసా ఒకటి, కాథలిక్కు రోగికి ప్రార్థనతో నూనె రాసే అభ్యంగనానికి పిలవవలసిన గురువుల నంబరు రాసిన చీటీ కలిపి ఒక పెట్టెలో పెట్టి నర్సుల డెస్కులో ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చావులలో చాలా భాగం చాప్లిన్ల ఆఫీసు వేళల్లో జరుగుతుందని ఎవరు అనుకున్నారో తెలియదు. ప్రార్థనా గది ఒకటి ఉంది, నేలమాళిగలో, జనరేటర్ గది పక్కన, సాయంత్రం ఆరుకు తాళం వేస్తారు. కేసు ఫైలులో చాప్లిన్ రాసే వివరాలను వార్డులో ఎవరైనా చదవవచ్చు, పుస్తెలతాడు విషయంలో అది మేలు చేసింది గానీ, దేవుడి గది గురించి అమ్మ గోడవైపు తిరిగి చెప్పుకున్న మాట కూడా అదే ఫైలులో రెండు పంక్తులుగా కనబడినప్పుడు నాకు నచ్చలేదు. ఈ విషయం చెప్పగానే సిస్టరమ్మ వెంటనే ఒప్పుకుంది, ఇకమీదట చికిత్సకు పనికివచ్చేంత వరకే రాస్తానన్నది.

నగరంలో ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా వాకిట్లో ఒక వినాయకుడో, ఆవరణలో దారాలు కట్టిన రావిచెట్టో కనబడుతుంది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవారికి నాంపల్లి యూసుఫైన్ దర్గా దగ్గరే, అక్కడికి వెళ్లి చాదర్ సమర్పించుకునేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. నడవగలిగిన బంధువులకు ఇవి చాలు. మంచం దిగలేని మనిషి దగ్గరికి వినాయకుడు నడిచి రాడు, ఆ మనిషికి ఏ దేవుడు కావాలో, లేక దేవుడి మీద కోపంగా ఉన్నదేమో అడిగేవారు కావాలి. ఎం.ఎన్.జె.లో ఉపశమన చికిత్సా విభాగం ఉంది, బంజారాహిల్స్ రోటరీ వారు నడిపే స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తున్నది. చికిత్స ముగిసిన దశలో ఉన్నవారి కోసం ఈ పేర్లు ఇక్కడ రాస్తున్నాను, మా అమ్మ ఆ దశలో లేదు గనుక వాటి గురించి స్వానుభవంతో చెప్పగలిగేదేమీ లేదు.

సేవకు రుసుము లేదు. నాన్నగారు అలవాటు కొద్దీ కవరులో 501 రూపాయలు పెట్టి ఇస్తే, సిస్టరమ్మ కవరు తీసుకోకుండా లిఫ్టు పక్కనున్న ఆ హుండీనే చూపించింది. స్టార్లలో చెప్పవలసి వస్తే సిస్టరమ్మకు అయిదు, విభాగానికి మూడు ఇస్తాను. చేర్పించే రాత్రి ఫారంలో ఆ గడి కనబడితే ఎవరో ఒకరు తొందరపడి గీత గీసేయకుండా, రోగి మాట్లాడగలిగిన స్థితికి వచ్చాక రోగినే అడగండి. వచ్చిన చాప్లిన్ అడగకుండా ప్రార్థన మొదలుపెడితే ఆపమనండి, ఆపకపోతే రాతలో ఫిర్యాదు చేయండి. వాళ్ల నియమం మీవైపే ఉంటుంది.

ఇప్పుడు మూడు వారాలకొకసారి కీమో కోసం డే కేర్ వార్డుకు వెళుతున్నాము. చాప్లిన్ విభాగం ఇన్‌పేషెంట్లకు మాత్రమే కావడం వల్ల అక్కడికి సిస్టరమ్మ రాదు. సూది ఎక్కుతున్న ఆ నాలుగైదు గంటలూ, పదిహేను కుర్చీలలో పదిహేనుమంది ఎదురెదురుగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు. అక్కడ కూడా వారానికి రెండు రోజులైనా ఎవరినైనా కూర్చోబెట్టమని తెలుగులో ఒక లేఖ రాసి సలహాల పెట్టెలో వేశాను. రెండు కీమోలు గడిచాయి, ఇంకా జవాబు రాలేదు.